కుర్చీ లేని క్యాబిన్

పోయిన వారం బర్ దుబాయ్‌లో ఒక పాత బిల్డింగుకి ఫైర్ అలారం సర్వీసు పని మీద వెళ్లాను. కింద వాచ్‌మన్ టేబుల్ మీద ఒక స్టీలు పళ్లెం, అందులో నాణేల్లాంటి గుండ్రటి బిళ్లలు ఉన్నాయి. వాచ్‌మన్ కుర్చీలో వెనక్కి వాలి, చేతిలో ఉన్న పొట్టి కర్రలాంటి రీడర్‌తో ఒక్కో బిళ్లనీ తాకుతున్నాడు. తాకినప్పుడల్లా అది కీచుమంటోంది. ఒక చేత్తో ఆ పని, రెండో చేత్తో టీ.

నిజానికి ఆ బిళ్లలు పళ్లెంలో ఉండాల్సినవి కావు. టెర్రస్ తలుపు పక్కన ఒకటి, పంపు రూములో ఒకటి, మెట్ల మలుపుల్లో, పార్కింగ్ చివర, ఇలా ఒక్కో చోట గోడకు అంటించి ఉండాలి. కాపలా మనిషి తిరుగుతూ ఒక్కో బిళ్లకి రీడర్ తాకిస్తే, అతను ఎప్పుడు ఎక్కడ ఉన్నాడో ఆఫీసులో కంప్యూటర్‌కి తెలుస్తుంది. అన్నింటినీ ఊడబీకి పళ్లెంలో పోసుకుంటే, కుర్చీలోంచి లేవకుండానే బిల్డింగంతా తిరిగినట్టు రిపోర్టు వస్తుంది.

నేను చూస్తున్నానని గమనించి నవ్వాడు. నెల్లూరు వైపు మనిషి. "మోకాళ్లు సార్. పైకీ కిందకీ ఎక్కడ తిరుగుతాం? అయినా ఎవురు చూడొచ్చారు?"

అలాంటి పళ్లేన్ని చూసి ఊరుకోలేని మనిషి ఒకాయన నాకు గుర్తొచ్చాడు. ఆయన పేరు రాయను. మఫ్రఖ్ క్యాంపులో కూడా ఎవరూ ఆయన్ని పేరుతో పిలవలేదు. ఎస్సై సాబ్ అనేవారు. మొదట వెక్కిరింతగా, తరవాత అలవాటుగా, కొన్నాళ్లు గౌరవంగా, చివర్లో మళ్లీ వెక్కిరింతగా.

అబుదాబి ఊరి బయట మఫ్రఖ్‌లో ఉన్న ఆ లేబర్ క్యాంపుకి నేను నెలకోసారి వెళ్లేవాణ్ని. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా కంపెనీ వ్యాన్ ఎక్కి, అలారం ప్యానెల్ పరీక్షించి, పాడైన డిటెక్టర్లు మార్చి, కాగితం మీద స్టాంపు వేయించుకుని రావడం నా పని. లాక్‌డౌన్లు సడలిన మరుసటి ఏడు మొదటిసారి ఆయన్ని చూశాను. సెక్యూరిటీ సూపర్‌వైజర్. నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద ఉంటాడేమో. బూట్లు మాత్రం ఆ దుమ్ములో కూడా అద్దంలా ఉండేవి.

ప్యానెల్ రీసెట్ అయ్యేదాకా కూర్చుందామని క్యాబిన్‌లోకి వెళితే కుర్చీ లేదు.

"కుర్చీ ఏదన్నా?"

"తీసేసిన."

"ఎందుకు?"

"కుర్చీ ఉంటే మనిషి కూసుంటడు తమ్మీ. కూసున్నంక లేవబుద్ధి కాదు. అప్పుడు గోడ మీదున్న బిళ్లలు తన దగ్గరికి రావాల్నంటడు."

ఆయన రాకముందు ఆ క్యాంపు బిళ్లలు కూడా క్యాబిన్‌లోనే, బిస్కెట్ డబ్బాలో ఉండేవట. వచ్చిన వారంలోనే జిగురు కొనుక్కొచ్చి, ప్రతి బిళ్లనీ తన చేత్తో మళ్లీ గోడలకి అంటించాడు. గార్డులు తిట్టుకున్నారు. ఆయన వాళ్లని తిప్పి తను క్యాబిన్‌లో ఉండే రకం కాదు, వాళ్లతో పాటే తిరిగేవాడు. టీ కూడా నిలబడే తాగేవాడు.

ఆయన అలవాట్లు కొన్ని నాకిప్పటికీ స్పష్టంగా గుర్తున్నాయి. ఎవరైనా ఫిర్యాదు చెప్పబోతే చెయ్యి ఎత్తి ఆపేవాడు. "ముందు చూసింది చెప్పు. అనుకున్నది తర్వాత." నేను "ప్యానెల్ పాడైనట్టుంది" అన్నా అదే మాట. ఎర్ర లైటు వెలుగుతోందా, మినుక్కుమంటోందా? చూసింది చెప్పు. మాది కూడా అలాంటి వృత్తే కాబట్టి నాకది నచ్చేది. అందరూ బహదూర్ అని పిలిచే నేపాలీ గార్డుని ఆయనొక్కడే ప్రేమ్ అని అసలు పేరుతో పిలిచేవాడు. ఒకసారి ఎందుకని అడిగితే, "మనిషిని తప్పు పేరుతోటి పిలిస్తే సాక్ష్యం చెల్లదు" అన్నాడు నవ్వకుండా. జోకో కాదో తెలియలేదు.

జోకులు వేసేవాడు. ఒక సెలవు రోజు నేను వెళ్లేసరికి సీ బ్లాకు వంటగదిలో గోల. జగిత్యాల వైపు మేస్త్రీ గంగారాం, అతని రూమువాళ్లు కలిసి వండుకున్న కోడికూర సగం మాయమైంది. ఎస్సై సాబ్‌ని పిలిచారు. ఆయన టోపీ సర్దుకుని, గిన్నె ముందు నిలబడి, ఠాణాలో రాసే భాషలో మొదలుపెట్టాడు.

"సదరు గిన్నె యందు సదరు కోడికూర సగము లేకపోవుటను గమనించనైనది. సాక్షులెవరు?"

"పిల్లి తిన్నది సాబ్," అన్నాడు గంగారాం.

"పిల్లి మూత తీసి, తిని, మళ్ల మూత పెట్టి పోయిందా?"

"దుబాయ్ పిల్లి గద సాబ్. క్రమశిక్షణ ఉంటది."

అందరూ ఘొల్లుమన్నారు. ఎస్సై సాబ్ దగ్గరికి వెళ్లి గంగారాం మీసంలోంచి మిరప గింజ ఒకటి తీసి అందరికీ చూపించాడు.

"అయితే నేనే తిన్న. రాసుకోండ్రి," అన్నాడు గంగారాం చేతులు చాపి, సంకెళ్లు వేయమన్నట్టు.

"అందరూ గంగన్న లెక్క ఒప్పుకుంటే ఠాణాలే వద్దు," అన్నాడాయన.

ఈ మాట నేను తరవాత చాలాసార్లు తలుచుకోవాల్సి వచ్చింది.

ఆయన నిజంగానే ఎస్సై. ఆ సంగతి క్యాంపులో అందరికీ తెలుసు కానీ, ఎందుకు కాకుండా పోయాడో నాకు ఒకరోజు నిలబడే చెప్పాడు. నేను నిచ్చెన మీద ఉండి డిటెక్టర్ తీస్తున్నాను, ఆయన కింద నిచ్చెన పట్టుకున్నాడు. డిటెక్టర్‌కి రబ్బరు గ్లౌజు తొడిగి ఉంది. గదుల్లో వండుకుంటే పొగకు అలారం మోగుతుందని అందరూ చేసే పనే. నేను దాన్ని తీసి కింద పడేస్తే ఆయన చూసి, "ఠాణాల కూడా గిట్లనే తొడుగుతరు, తమ్మీ. మనుషులకు," అని చెప్పుకొచ్చాడు.

శిక్షణ ముగిసి, ప్రొబేషన్‌లో ఉండగా మొదటి లాక్‌డౌన్ వచ్చింది. ఒక పొద్దున ఖాళీ రోడ్డు మీద, మున్సిపాలిటీ చీపురుతో ఊడుస్తున్న ఒక మనిషిని కారు గుద్ది చంపింది. ఆ రోడ్డు మీద ఆ పూట తిరిగిన కారు అదొక్కటే. ఆపింది ఈయనే. స్టీరింగ్ దగ్గర ఉన్నది పక్క మండలం నాయకుడి కొడుకు. మధ్యాహ్నానికి సీఐ గారు ఇంకో మనిషిని తీసుకొచ్చి నిలబెట్టారు. ఇతనే డ్రైవరు, రాసెయ్ అన్నారు.

ఇది అక్కడ కొత్త పద్ధతేమీ కాదు. కారు ఎవరు నడిపినా, ఠాణాకి వచ్చి తల వంచుకుని నిలబడేందుకు వేరే డ్రైవరు వస్తాడు. అతని ఇంటి సంగతి కారు ఓనరు చూసుకుంటాడు. బెయిలు వస్తుంది. అందరికీ తెలుసు, అందరూ రాస్తారు.

"నేను ఆయన్ని కారు దగ్గరికి తీస్కపోయిన. స్టార్ట్ చెయ్యమన్న. తాళంచెవి పెట్టే బొక్క కోసం దేవులాడుతున్నడు. అది బటన్ కారు తమ్మీ. ఆయన జిందగీల ట్రాక్టర్ తప్ప ఏదీ నడపలే."

"మరి రాయలేదా?"

"రాయలే."

"ఏమైంది?"

"చచ్చిపోయినాయన భార్య వచ్చింది. ఈయనే గుద్దిండు సార్, నేను చూసిన అన్నది. ఆమె ఆడ లేనే లేదు."

నిచ్చెన దిగాను. "ఆమె మీద కోపం రాలేదా అన్నా?"

"ఆమె మీద ఎందుకొస్తది? ఇద్దరు చిన్న పిల్లలు. ఆ మాట ఆమె నోట్ల పెట్టినోళ్లున్నరు, వాళ్ల మీద."

తర్వాత పైవాళ్లు ఆయన ఉద్యోగానికి పనికిరాడని రాసి, ప్రొబేషన్‌లోనే పంపేశారు. ఆయన హైకోర్టుకి వెళ్లాడు. కేసు నడుస్తోంది. ఇల్లు గడవాలి కాబట్టి దుబాయ్. "యూనిఫాం మళ్ల వేసుకునేదాకా నా పేరు మీద ఒక్క మచ్చ ఉండొద్దు తమ్మీ. ఇక్కడ చిన్న గొడవైనా అక్కడ వకీలు కోర్టుల చదువుతడు." అది చెప్పినప్పుడు మాత్రం ఆయన గొంతు సన్నబడింది. నాకు తెలిసి ఆయనకు భయం ఉన్నది అదొక్క విషయంలోనే.

ఆ భయం ఉండి కూడా సీ బ్లాకు వెనక తలుపు జోలికి వెళ్లాడు.

ఆ తలుపు మంటలు వచ్చినప్పుడు బయటపడేందుకు పెట్టింది. ఎప్పుడూ లోపలి నుంచి తోస్తే తెరుచుకోవాలి. క్యాంపు నడిపే మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, దానికి బయటి నుంచి గొలుసు వేసి తాళం పెట్టించాడు. బయటివాళ్లు లోపలికి వచ్చి పడుకుంటున్నారని ఆయన చెప్పే కారణం. తనిఖీకి ఎవరైనా వస్తున్నారని కబురందిన పొద్దున గొలుసు తీసేవారు, సాయంత్రానికి మళ్లీ వేసేవారు. నేను నా సర్వీసు కాగితంలో రాశాను. అలారం మన పని, తలుపులు మన పని కాదు అని మా ఆఫీసు ఆ లైను కొట్టేయించింది.

ముదీర్ హైదరాబాద్ మనిషి. మంచిగా మాట్లాడతాడు. ఎస్సై సాబ్ తాళం తీయమని అడిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"క్యా ఎస్సై సాబ్," అన్నాడు భుజం మీద చెయ్యి వేసి. "ఇది నీ ఠాణా కాదు, క్యాంపు. గింత లొల్లి ఎందుకు? ఖలాస్ చెయ్."

"తాళం తీస్తే ఖలాస్ అయితది సర్."

"తీస్తం, తీస్తం. యల్లా, పని చూస్కో."

తీయలేదు. ఎస్సై సాబ్ రెండుసార్లు తమ సెక్యూరిటీ కంపెనీ హెడ్డాఫీసుకి కూడా చెప్పాడు. ముదీర్ మా కస్టమర్, జాగ్రత్త అన్నారు.

తరవాతి వేసవిలో, ఒక సెలవు రోజు మధ్యాహ్నం, సీ బ్లాకు పై అంతస్తులో ఒక గదిలో రైస్ కుక్కర్ వైరు కాలింది. పరుపు అంటుకుంది. ఆ గది డిటెక్టర్‌కి గ్లౌజు ఉంది, కాబట్టి అలారం పొగ వరండాలోకి వచ్చాక గానీ మోగలేదు. అన్నం తిని పడుకున్న మనుషులు లేచి వెనక తలుపు వైపు పరిగెత్తారు. గొలుసు. గంగారాం మెట్ల కిటికీలోంచి కిందికి దూకాడు. మోకాలి కింద ఎముక విరిగింది. మిగతావాళ్లు తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడుతుండగా, ఎస్సై సాబ్ బయటి నుంచి చుట్టూ పరిగెత్తుకొచ్చి, మంటలార్పే సిలిండర్ అడుగుతో తాళాన్ని కొట్టి కొట్టి పగలగొట్టాడు. అందరూ బయటపడ్డారు. ఆయన అరచేతులు చీరుకుపోయాయి. నాకు ఈ వివరాలు ప్రేమ్ చెప్పాడు. అతను ఆయన వెనకే ఉన్నాడు.

ఆ తర్వాత రోజుల్లోనే క్యాంపులో ఎస్సై సాబ్ అనే మాట గౌరవంగా వినిపించింది. వంటగదిలో ఆయన కోసం కూర తీసిపెట్టేవారు.

క్యాంపు కంపెనీ తనంతట తాను ఒక విచారణ పెట్టింది. దానికి ముందురోజు నేను అలారం ప్యానెల్‌లోని రికార్డు తీయడానికి వెళ్లాను. ముదీర్ క్యాబిన్‌కి వచ్చి, కూర్చోవడానికి అటూ ఇటూ చూసి, నిలబడే మాట్లాడాడు.

"చూడు సాబ్, తలుపుకి తాళం ఆ బహదూర్ పెట్టిండని చెప్పు. వాడికి తెలివి లేదు, పెట్టిండు. వాణ్ని ఇంటికి పంపుతరు, ఇంకో కంపెనీల దొరుకుతది వాడికి. నీకు మంచి సర్టిఫికెట్ నేనిప్పిస్త. నీ కేసుకి పనికొస్తది."

ఎస్సై సాబ్ చేతి కట్టు వైపు చూసుకుంటూ ఉన్నాడు. "అతని పేరు ప్రేమ్ సర్," అన్నాడు.

"ఏదైతేంది?"

"నేను ఊళ్లెకెల్లి వచ్చిందే గిందుకు సర్. మళ్ల గదే చెయ్యమంటున్నరు."

ముదీర్‌కి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ముదీర్ వెళ్లాక, "అన్నా, నీ కేసు..." అన్నాను. "గంగన్న ఉన్నడు గద తమ్మీ," అన్నాడు. "కాలు ఇరిగిన మనిషి. చూసినోడు. ఈసారి సాక్షి మనోడే."

మర్నాడు సైట్ ఆఫీసులో విచారణ. ప్యానెల్ రికార్డు చదివేందుకు నన్నూ కూర్చోబెట్టారు. గంగారాం కర్రల మీద వచ్చాడు. తలుపు గురించి అడిగారు.

"తెరిసే ఉండె సార్. పొగల కానరాలే. భయానికి దుంకిన."

ఎస్సై సాబ్ మెల్లగా అన్నాడు, "గంగన్నా, చూసింది చెప్పు."

"చూసిందే చెప్తున్న సాబ్," అన్నాడు గంగారాం. ఆయన వైపు చూడలేదు.

మిగతావాళ్లని అడిగితే, మేం వెనకున్నాం, తలుపు చూడలేదు అన్నారు. చూసింది చూసినట్టు చెప్పినవాళ్లు ఇద్దరే, ఎస్సై సాబ్, ప్రేమ్.

బయట నీడలో గంగారాం ఆయన కోసం ఆగాడు. నాకు అతని మీద కోపం వచ్చింది కానీ, అతని మొహం చూస్తే కోపం నిలవలేదు.

"మీకు ఠాణా ఉన్నది సాబ్, పోతరు. నాకు గీ క్యాంపే ఉన్నది. కాలు బాగైనంక మళ్ల తీసుకుంట అన్నడు ముదీర్. నేను తాళం ఉండె అంటే, రేపే టికెట్ చేతిల పెడుతుండె."

ఎస్సై సాబ్ ఆనాడు ఊడ్చే మనిషి భార్య గురించి అన్న మాట అంటాడేమో అనుకున్నాను. ఆమె మీద కోపమెందుకు అని.

"సరే గంగన్నా," అన్నాడు. అంతే. కూర సంగతి ఒప్పుకున్నప్పటిలా గంగారాం రెండు చేతులూ ముందుకు చాపాడు. ఒక కర్ర కింద పడింది. ఎస్సై సాబ్ దాన్ని తీసి ఇవ్వలేదు. నేను తీసి ఇచ్చాను. ఆ కర్ర వంగి తీయకపోవడం నాకెందుకో విచిత్రంగా అనిపించింది. నేల మీద పడ్డ స్క్రూ కూడా తీసి చేతికిచ్చే మనిషి.

ప్రేమ్‌ని నేపాల్ పంపేశారు. ఎస్సై సాబ్‌ని ఆయన సెక్యూరిటీ కంపెనీ తీసేసింది. కారణం, క్యాంపు ఆస్తి ధ్వంసం, అంటే తాళం పగలగొట్టడం. తలుపు తెరిచే ఉందని ఒక కాగితం, ఆ తలుపు తాళం పగలగొట్టాడని ఇంకో కాగితం. రెండింటి కిందా ముదీర్ సంతకమే. నేను ఇంజినీరింగ్ చదివాను, తెరిచి ఉన్న తలుపుకి తాళం ఎలా పగులుతుందో నాకిప్పటికీ తెలియదు. గంగారాంని కూడా కాలు బాగయ్యాక తీసుకోలేదు. కుంటివాడు కట్టుడు పనికి పనికిరాడని ఇంటికి పంపారు.

తర్వాతి నెల నేను వెళ్లేసరికి క్యాబిన్‌లో కొత్త కుర్చీ ఉంది. చక్రాలది. బిస్కెట్ డబ్బా మళ్లీ వచ్చింది. "ఎస్సై సాబ్ ఉంటే మనకు అరెస్టే!" అని కొత్త గార్డులు నవ్వుకుంటున్నారు. సీ బ్లాకు తలుపుకి కొత్త గొలుసు.

ఆయన వెళ్లిన ఏడాదికి ఒక ఫొటో పంపాడు. ఖాకీ, భుజం మీద నక్షత్రాలు. కోర్టు ఆయన్ని తీసేయడం చెల్లదంది. యూనిఫాం తిరిగొచ్చింది. నేను ఫోన్‌లో సెల్యూట్ బొమ్మ పెట్టాను. నిజంగా సంతోషించాను. ఆ సంతోషంలో తప్పేమీ లేదు.

ఈ ఏడు ఎండాకాలం మొదట్లో మా చిన్నాన్న మోపెడ్ మీద పొలం నుంచి వస్తుంటే ఒక కారు గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. వెనక ఇంకో బండి మీద వస్తున్న ఆయన కొడుకు రోడ్డు మీద నుంచే నాకు ఫోన్ చేశాడు. ఏడుస్తూ అన్నాడు, "రైస్‌మిల్లు సేటు కొడుకన్నా. వాడే నడిపిండు. నా కండ్లతోటి చూసిన." ఏ ఠాణా అని అడిగాను. చెప్పాడు. ఆ ఠాణా ఎస్సై మా ఎస్సై సాబేనని విన్నాక, ఇంత దుఃఖంలో ఇదొక్కటి మనకు కలిసొచ్చిందనుకున్నాను. "భయపడకు తమ్మీ. ఆయన ఉన్నాడంటే రాయాల్సిందే రాస్తాడు," అన్నాను.

అంత్యక్రియలయ్యాక ఆయనకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు.

"చెప్పు తమ్మీ. విన్న. పాపం, పెద్ద మనిషి."

"అన్నా, కారు నడిపింది సేటు కొడుకు."

"డ్రైవర్ వచ్చిండు తమ్మీ. లొంగిపోయిండు. ఠాణాల్నే ఉన్నడు."

"వాడు కాదన్నా. నీకు తెలుసు కదా?" అన్నాను.

"తెలుసు," అన్నాడు. అందులో తడబాటు లేదు, సిగ్గు లేదు, కోపం కూడా లేదు. ప్యానెల్ రీడింగ్ చదివినట్టు చెప్పాడు.

"బటన్ కారేనా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలియదు.

ఆయన నవ్వాడనుకుంటా. "నువ్వింక అవన్నీ యాదికుంచుకున్నవా?"

"మా తమ్ముడు కళ్లారా చూశాడన్నా. సాక్షి ఉన్నాడు. వాణ్ని పిలిచి అడుగు."

"పిలుసుడెందుకు? నా ముంగటనే కూసున్నడు. సేటు మనుషులు కూడ ఉన్నరు. నిన్ననే మాట్లాడుకున్నరు వాళ్లు. మీవోడు డ్రైవరే నడిపిండని చెప్పిండు, రాసుకున్నం." ఆగాడు. "స్పీకర్ పెట్టమంటవా? నువ్వే అడుగు. చూసింది చెప్పమని."

వద్దన్నాను.

"మంచిది," అన్నాడు. "మీ పిన్నికి ధైర్యం చెప్పు. అక్కడ ఎండలు మొదలైనయా?"

మొదలయ్యాయన్నాను. అవతల కుర్చీ కిర్రుమంది. ఆయన వెనక్కి వాలిన చప్పుడు నేను వినడం అదే మొదటిసారి.